పొడుగు కారు, వంగని మోకాలు

మా పెద్దల్లుడికి వీధిలో టేపు అని పేరు. కిటికీ తెరలు కుట్టి అమ్మే కొట్టు ఆయనది. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. అన్నానికి కూర్చున్నా అది కంచంలో మునుగుతూనే ఉంటుంది. పనిమంతుడే, కాదనను. కుచ్చులకని గుడ్డ రెట్టింపు కత్తిరిస్తాడు. "తక్కువైతే అతుకేయాలి అత్తయ్యా, ఎక్కువైతే మడిచేసుకోవచ్చు" అంటాడు. ఆయన గొప్పలూ అంతే. గుడ్డ జానెడు, కుచ్చులు బారెడు.

ఆయన తోడల్లుడు, అదే నా చిన్నకూతురి మొగుడు, కిందటేడు పొడుగు కారు కొన్నాడు. సెడాన్ అంటారట. ముందు ముక్కు, వెనక తోక, మధ్యలో మనుషులు. అది చూసినప్పటి నుంచీ ఈయన ఒకటే ఉడికిపోతున్నాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడు తాళంచెవి పడిపోయిందని వంక పెట్టి కారు చుట్టూ వంగి వంగి తిరిగాడు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. టేపు పెట్టి ముక్కు నుంచి తోక దాకా కొలిచాడు! దొంగ కూడా అంత సిగ్గు మాలి వంగడు.

నిజానికి కారు అవసరం ఆయనకి కాదు, నా పెద్దకూతురికి. ఆసుపత్రి వంటగదిలో రోగుల భోజనాలు చూసే పని దానిది. ఎడమ మోకాలికి ఆపరేషనయింది. కాలు సగమే వంగుతుంది, బస్సు మెట్లు ఎక్కలేదు. సెలవేమో అయిపోవస్తోంది. తనంతట తాను ఎక్కి దిగి నడుపుకోగలిగే కారుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

ముగ్గురం కార్ల షోరూముకి వెళ్లాం. పొడుగుది, దాని పక్కనే పొట్టిగా ఎత్తుగా ఇంకొకటి. క్రాసోవర్ అన్నాడు అమ్మే అతను. రెండింటికీ గేర్లు మార్చే పని లేదన్నాడు. అల్లుడు పొడుగుదాని దగ్గరికే పోయి టేపు తీశాడు.

"తోడల్లుడి దానికన్నా జానెడు ఎక్కువ!" అన్నాడు, ఇంట్లో కొడుకు పుట్టినట్టు.

"ఆ జానెడు ఎక్కడ మడుస్తారు బాబూ? మన గేటు మూతపడదు" అన్నాను.

"గేటు మార్పిస్తాను అత్తయ్యా."

"మోకాలు కూడా మార్పిస్తారా?"

వినిపించుకుంటే కదా. "ఎక్కవే" అన్నాడు పెళ్లాన్ని.

ఎక్కింది. అది కూర్చోవడం కాదు, కూలబడటం. ఇక లేవలేదు. తలుపు పట్టుకుంది, సీటు పట్టుకుంది, పెదవి కొరుక్కుంది. నేనొక చెయ్యి, అమ్మే అతనొక చెయ్యి పట్టి లాగాం. అల్లుడు చేతులు కట్టుకుని నవ్వాడు.

"రోగుల కూడంతా నువ్వే తింటున్నట్టున్నావే!"

అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు. దాని మొహం కందిపోయింది. "ఏమండీ, ఆ ఎత్తుదాంట్లో కూర్చుని చూస్తాను" అంది.

"ఆ తాబేలులోనా? నా పరువేం కాను? అయినా ఇంకా ఉద్యోగమెందుకు నీకు, ఇంట్లో కూర్చో. కావాల్సిన చోటికి నేను తిప్పనూ?"

"మీరా! మంచం మీదున్నప్పుడు గ్లాసుడు నీళ్లు అందించారా?"

కుంటుకుంటూ వెళ్లింది. తలుపు తీసి, సీటుకి నడుము ఆనించి, కాళ్లు రెండూ లోపలికి తిప్పుకుంది. దిగింది. మళ్లీ ఎక్కింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"ఇది నా పేరున రాయండి. నా జీతం మీద అప్పు తెచ్చుకుంటాను" అంది.

"దాంట్లో నేను కాలు పెట్టను!" అని అరిచాడు అల్లుడు.

"పెట్టమని ఎవరు బతిమాలారు?" అన్నాను నేను.

అది రోజూ ఉద్యోగానికి వెళ్తోంది. ఈయన పంతం కొద్దీ తెరల కడ్డీలు భుజాన వేసుకుని కొట్టుకి నడుస్తున్నాడు. ఎవరైనా అడిగితే డాక్టరు నడవమన్నాడని చెబుతున్నాడట. ఎవరు నమ్ముతారు!

మొన్న పొద్దున్నే కుండపోతగా వాన. కడ్డీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మాయి అప్పటికే కారు తీసింది. పెళ్లాన్ని అడగడానికి నోరు రాలేదు మహానుభావుడికి. నా చెవి దగ్గరికొచ్చాడు.

"అత్తయ్యా, కొట్టు దాకా దింపమని దానికి మీరే చెప్పండి."

అది కారు అద్దం దించింది. "ఏమంటున్నారమ్మా?"

"ఏమీ లేదు తల్లీ. నీకు ఆలస్యమవుతుంది, వెళ్లు" అన్నాను.