ఎదుటివారి కోపం చెప్పించిన సుశీల టీచరు

ముందుగానే ఒప్పుకుంటున్నాను, నాకు అతిశయోక్తి జబ్బుంది. కీసర దగ్గర మునేట్లో మోకాటిలోతు నీళ్ళుంటే ఏనుగు మునిగిందని చెప్పే రకాన్ని. మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనులో, నందిగామలో సుశీల టీచరు గుండె ఆగి కన్నుమూశారని విన్నప్పుడు మాత్రం, చెప్పేవాడు పెంచి చెబుతున్నాడేమోనని ఆశపడ్డాను. వాడు ఒక్క ముక్క కూడా పెంచలేదు.

జగ్గయ్యపేటలో ఒకే హైస్కూల్లో ఆమె సాంఘికశాస్త్రం, నేను తెలుగు చెప్పేవాళ్ళం. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. గొంతు మాత్రం క్లాసు దాటి, ఊరు దాటి, వేదాద్రిలో కృష్ణాస్నానం చేసి, నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని తిరిగొచ్చేది.

వారానికొక శాంతి విద్య పీరియడు పెట్టాలనీ, దానికి రికార్డు రాయాలనీ ఉత్తర్వు వచ్చింది. మేమందరం పరమశాంతంగా రికార్డు రాసుకున్నాం. పీరియడు పెట్టింది ఆవిడొక్కరే. పోట్లాడుకున్న ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ఎవరి కోపం వాళ్ళు చెప్పుకోకూడదు. ఎదుటివారి కోపం చెప్పాలి. వాళ్ళు "అదే" అనేదాకా లేవకూడదు.

ఒకసారి తొమ్మిదో తరగతి పద్మ, మల్లీశ్వరి జుట్లు పట్టుకున్నారు. లేచిన దుమ్ముకు మా ఊరి సిమెంటు ఫ్యాక్టరీలు సిగ్గుపడ్డాయి.

"చెప్పవే పద్మా, దానికెందుకు కోపం?"

"దాని కంపాస్ బాక్సు ఇరగ్గొట్టా టీచర్."

"కాదు," అంది మల్లీశ్వరి.

పద్మ తల దించుకుంది. "ఇరిగాక నవ్వా. అందుకు."

"ఆఁ, అదే టీచర్," అంటూ మల్లీశ్వరి భోరుమంది. ఇక్కడ నేనేమీ కలపలేదు.

"తీర్పు చెప్పడం తేలికేనండీ మాస్టారూ," అన్నారు సుశీల గారు ఆ సాయంత్రం. "తమ బాధ ఎదుటివాళ్ళ నోట వినడానికే పిల్లలు అల్లాడిపోతారు."

కొన్నాళ్ళకు తనిఖీ జరిగింది. జరగని పీరియడ్ల గురించి దీర్ఘసమాసాలతో నేను రాసిన రికార్డు చూసి అధికారి పులకించిపోయారు. ఆమె రికార్డులో తేదీ, ఇద్దరి పేర్లు, పక్కన "అదే అంది". అంతే.

"ఏంటమ్మా ఇది? ఆ మాస్టార్ని చూసి నేర్చుకోండి!"

నేను నోరు విప్పలేదు. ఆమెకు మెమో వచ్చింది, ఆ పీరియడు నాకొచ్చింది. "రికార్డు రాయకపోయినా ఫర్లేదు మాస్టారూ, పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టండి," అన్నారు. నేను అందులో వ్యాకరణం చెప్పుకున్నాను. సిగ్గుతో ఆవిణ్ణి తప్పించుకు తిరిగాను. తర్వాత ఆమెకు నందిగామ బదిలీ అయింది.

పోయిన నెల నందిగామ వెళ్ళాను. వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. "మీ కోపం మెమో వచ్చినందుకు కాదండీ. పిల్లల్ని కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టలేదు. అందుకు," అన్నాను. ఆమె నవ్వి, "ఆఁ, అదేనండీ. కాఫీ తాగుతారా?" అన్నారు.

అంతటి శాంతిమూర్తి మళ్ళీ మా బడులకు దొరకరు. ఆ తల్లి పాదాలకు నమస్కరించి, నా కల్పన ఏదో కూడా చెప్పేస్తాను. గొంతు, ఏనుగు, దుమ్ము సరే, పాఠకులే పట్టేసి ఉంటారు. పోయిన నెల నేను నందిగామ వెళ్ళలేదు. బస్సెక్కితే ముప్పావుగంట, ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. ఆ వరండాలో మొన్న మంగళవారమే మొదటిసారి అడుగుపెట్టాను. చాపమీద పడుకోబెట్టి ఉంచారు. పక్కన కూర్చుని ఆ మాటలే చెప్పాను. అదో కాదో ఆవిడ చెప్పలేదు.