జాతరలో నన్ను మోసుకొచ్చిన రోజు

నడుము నొప్పి మనిషిని అబద్ధాలకోరును చేస్తుంది. నన్నైతే చేసింది. "ఎట్లున్నది?" అని ఎవరడిగినా "మంచిగున్నది" అనడం, వాళ్లు అటు తిరిగేదాకా గోడ పట్టుకోకుండా నిలబడటం, ఐదు నెలలు ఇదే నా పని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతి రోజులవి. ఆదిలాబాద్ జిల్లాలో మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. లోపల బొగ్గు ఎత్తేవాళ్లం జోడీలుగా పనిచేసేవాళ్లం. ఒకడు తట్ట నింపితే ఇంకొకడు మోసుకెళ్లి పట్టాల మీది బొగ్గు టబ్బులో పోయాలి. ఇద్దరిలో ఒకడు మెత్తబడితే రెండోవాడి పని కూడా ఆగిపోతుంది. అందుకే నడుము పోయినవాడిని ఎవరూ జోడీ కలుపుకోరు. పైకప్పు నుంచి పెళ్ల ఊడి నా మీద పడ్డప్పుడు నన్ను బయటికి లాగినవాడు నా జోడీయే. నాకంటే ఆరేళ్లు చిన్న. ఐదు నెలలు ఎవరో ఒకరిని కలుపుకుని నెట్టుకొచ్చాడు. "సోమారం దిగుదామన్నా, మల్ల మనిద్దరమే" అన్నాడు. చొప్పదండి పక్కన మా పల్లెలో నాకు గుంటెడు భూమి లేదు. ఆ సోమవారం తప్ప నాకు ఇంకో దారి లేదు.

దానికి ముందు రోజు మా కాలనీ వెనక మైదానంలో జాతర. నా కూతురికి అప్పుడు ఏడేళ్లు, మూడు రోజులుగా ఒకటే నస. సరే అన్నాను. చేతికర్ర ఇంట్లోనే పెట్టి బయల్దేరాను, చూసేవాళ్లు చూస్తారని.

నడుము నొప్పి ఉన్నవాడికి జాతరలో కనిపించేది ఒక్కటే, కూర్చునే చోటు. అది ఎక్కడా లేదు. ఫొటోవాడి దగ్గర స్టూలు ఉంది కానీ ఫొటో దిగేవాళ్లకే. కూర్చోవడం కోసమే ఫొటో దిగాను. వాడు నవ్వమన్నాడు, వాణ్ని కొట్టాలనిపించింది. నా భార్య చెవి దగ్గరికి వచ్చి, "ఇంటికి పోదాం పా. నీ మొఖం నాకు తెలుస్తలేదా?" అంది. "నాకేమైంది? నీ గాజులు నువ్వు చూసుకో పో" అని కసిరి పంపేశాను.

కూతురు రంగులరాట్నం దగ్గర ఆగింది. నాలుగు చెక్క తొట్లు, కింద నిలబడి మనుషులు చేత్తో తిప్పేది. "బాపూ, నువ్వెక్కితెనే నేనెక్కుత." వద్దనేవాణ్నే. కానీ కాస్త దూరంలో నా జోడీ, మా షిఫ్టువాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు. రాట్నం ఎక్కినవాడి నడుమును ఎవరు అనుమానిస్తారు? నవ్వుతూ చెయ్యి ఊపి ఎక్కాను.

రెండో చుట్టులో తొట్టి దిగుతూ కుదిపింది. అంతే. నడుము పట్టేసింది. రాట్నం ఆపారు, పక్కనున్నవాళ్లు "దిగు దిగు" అని అరిచారు. నాకు కాలు కదలదు. కూతురు నా చొక్కా పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

నా జోడీ ఉరికొచ్చాడు. నా మొహం చూసి వెనక్కి తిరిగి, "చెక్క తేండ్రి!" అని కేకేశాడు. బాయిలో దెబ్బ తగిలినప్పుడు వేసే కేక అది. ఎవరో మిఠాయి దుకాణం ముందరి చెక్క పీకి తెచ్చారు. నలుగురూ నన్ను దాని మీద పడుకోబెట్టి భుజాలకెత్తారు. వాళ్లకు అలవాటైన పనే.

జనం పక్కకు తప్పుకున్నారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. చెక్క మీద మనిషి అంటే ఏమిటో మా కాలనీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. రంగులరాట్నం ఎక్కి నడుము పట్టేసిన వాణ్ని! సిగ్గుతో చచ్చిపోయాను. భుజం మీది తువ్వాల లాగి మొహం కప్పుకున్నాను.

ఎంత బుద్ధిలేని పని! మొహం కప్పితే దానికి ఒకటే అర్థం. గాజుల దుకాణాల వైపు ఆడవాళ్ల కేకలు లేచాయి. అందులో ఒక గొంతు నా భార్యది. "ఎవలింటాయన? అయ్యో, ఎవలింటాయన?" అంటూ దగ్గరికి వస్తోంది. చెక్క పక్కన నడుస్తున్న మా కూతురు కనిపించి ఉంటుంది. ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు, ఒక్క అరుపు అరిచింది. అట్లాంటి అరుపు నేను మళ్లీ వినలేదు.

తువ్వాల తీసి "బతికే ఉన్న" అన్నాను. ఆమె నేల మీద కూలబడింది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో మంచం మీద దించి ముగ్గురు వెళ్లిపోయారు. నా జోడీ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, రేపు నువ్వు రాకు."

"జర వారం రోజులాగు. తగ్గిపోతది."

"నీ నడుము ముచ్చట గాదన్నా. వదినె ఏడుపు ఇన్న. నిన్ను గట్ల మోసుకొచ్చి ఆమె ముందల ఇంకోసారి పెట్టుడు నాతోని గాదు."

నడుము గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర వంద అబద్ధాలున్నాయి. దీనికి ఒక్కటీ లేదు.

పొద్దున బాయి కూత వేసింది. బయట వాడి అడుగులు, వాడితో ఇంకొకరి అడుగులు మా గుమ్మం దాటి ఆగకుండా వెళ్లిపోయాయి. పొయ్యి దగ్గర నా భార్య హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ఆ ఒక్క ఊపిరికి ఆమెను నేను చాలా ఏళ్లు క్షమించలేకపోయాను.