నూరు చూపించిన ఫొటో

బస్టాండు వెనక సందులో ఫొటో స్టూడియో నడిపే ఆయన్ని వీధంతా నంబర్లాయన అంటుంది. పెట్టిందెవరో గానీ, ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది. ఫొటో పెద్దది చేయమని ఎవరైనా వస్తే, అందులోని మనిషి వంక కన్నెత్తి చూడడు. ముందు ఫైలు వివరాలు తెరుస్తాడు. పొడవెంత, వెడల్పెంత, క్వాలిటీ దగ్గర నూటికి ఏ అంకె ఉంది, అంతే. అంకె నచ్చలేదా, తెచ్చినవాడు పెళ్ళికొడుకైనా సరే, ముఖం మీదే చెప్పేస్తాడు.

"ఇది పది ఫోన్లు మారి అరిగిపోయిందండీ. ముఖాలు సాగదీయడానికి నా దగ్గరేం రబ్బరు ఫ్యాక్టరీ లేదు."

జనం నవ్వుకునేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, తిరిగి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మనుషులు అబద్ధమాడతారు గానీ అంకెలు ఆడవని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

ఆయనకు ఒక్కతే అక్క, ఆ అక్కకు ఒక్కతే కూతురు. పొద్దస్తమానం వాగుతుందని మామయ్య ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టాడు. చిన్నప్పుడు స్టూడియోలో ఎత్తు స్టూలెక్కి దూకి ఎడమ కనుబొమ్మ చిట్లగొట్టుకుంది. అక్కడ వెంట్రుకలు మొలవక సన్నని గీత మిగిలిపోయింది. ఎవరు ఫోనెత్తినా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల, మామయ్య కెమెరా ముందు మాత్రం ఒకే ఒక్కసారి కుదురుగా కూర్చుంది. మొన్నటి వానల్లో జ్వరమని ఆసుపత్రిలో చేరి, మళ్ళీ ఇంటికి రాలేదు.

కొన్నాళ్ళకు అక్క స్టూడియోకి వచ్చింది.

"దాని ఫొటో నీ దగ్గరుంది కదరా. పెద్దది చేసివ్వు. గదిలోకి రాగానే కనపడాలి."

నంబర్లాయన కంప్యూటరులో వెతికి, అలవాటు ప్రకారం వివరాలు తెరిచాడు. క్వాలిటీ దగ్గర నూరు ఉంది. ఆయన గుండె నిమ్మళించింది.

"గోడంత చేసిస్తా అక్కా. కనుబొమ్మ మీద గీత కూడా కనపడుతుంది."

ఆ గీత మాట వినగానే అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫొటోను దగ్గరగా చూసి ఆ మాటిచ్చి ఉంటే బాగుండేది, మహానుభావుడు.

ప్రింటు బయటికొస్తుంటే ఆయన దాని మీదికి వంగి చూశాడు. చెంపలు చిన్నచిన్న గళ్ళుగా విడిపోయాయి. కనుబొమ్మ ఒక నల్లటి మరక. గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఒకప్పుడు డిస్కు నిండిపోయిందని పాత ఫొటోలన్నిటినీ అట్టడుగు క్వాలిటీకి కుదించి, అసలు ఫైళ్ళను చెరిపేశాడు. కొత్త కంప్యూటరు కొన్నాక వాటన్నిటినీ ఒక్క దెబ్బతో నూరు దగ్గర మళ్ళీ సేవ్ చేశాడు. ఆ నూరు చివరిసారి ఎలా దాచారో చెబుతుంది. అంతకుముందు ఏం పోయిందో దానికి తెలియదు. నీళ్ళు కలిపిన పాలు పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన చిక్కబడవు కదా.

ముఖాలను బాగుచేసే సాఫ్ట్‌వేరుకి ఇచ్చి చూశాడు. అది చర్మం నున్నగా చేసి, కనుబొమ్మను చక్కగా కలిపేసింది. చూడముచ్చటగా ఉంది, ఎవరి పిల్లో. ఆ ప్రింటును చించి పారేసి, గళ్ళు పడ్డదాన్నే అక్క ముందు పెట్టాడు.

అక్క వేలితో కనుబొమ్మ తడిమింది.

"గీత ఏదిరా?"

ఆయన దాచకుండా జరిగిందంతా చెప్పాడు. ఆవిడకి డిస్కులూ సేవులూ అర్థం కాలేదు. ఒక్కటే అడిగింది.

"అంటే, నువ్వే చెరిపేశావా?"

"నేనే అక్కా."

తిట్టి ఉంటే తేలికపడేవాడు. ఆవిడ ఫొటోను చుట్టగా చుట్టి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నంబర్లాయన ఎవరి ఫైలూ తిప్పిపంపలేదు. వివరాలు తెరవడమే మానేశాడు. తెచ్చిన ఫొటోలోని ముఖాన్ని పెద్దది చేసి, చాలాసేపు చూసి, అప్పుడు పని మొదలుపెడుతున్నాడు. వీధిలో మాత్రం పాత పేరే మిగిలింది.

చాలా రోజులకు ధైర్యం చేసి అక్క ఇంటికి వెళ్ళాడు. ఫొటో గోడకు వేలాడుతోంది. అక్క మంచం, కుర్చీ, నీళ్ళ బిందె అన్నీ ఎదుటి గోడకు జరిగిపోయాయి. గదిలో ఫొటో ఉన్న సగం ఖాళీగా ఉంది. అంత దూరం నుంచి చూస్తే నిజంగా పిచ్చుకే, ఏదో వాగబోతున్నట్టు. ఆయన తెలియకుండానే దాని వైపు రెండడుగులు వేశాడు. అక్క గబుక్కున లేచి చెయ్యి పట్టుకుని ఆపింది.

"దగ్గరికి పోకురా. దగ్గరికి పోతే అది ఉండదు."