అమ్మ పేరున్న ఇత్తడి అండా

మా చిన్నప్పుడు... మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా అమ్మ పేరు ఉండేది. "మునెమ్మ, పెరియంపట్టి" అని అరవంలో, చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. పెళ్ళికో జాతరకో ఇంటింటికీ తిరిగి గిన్నెలు అడిగి తెచ్చుకునే ఊళ్ళు మావి. పేరు లేకపోతే ఎవరి గిన్నె ఎవరింట్లో తేలిందో తెలిసేది కాదు. ధర్మపురి చుట్టుపక్కల మా తెలుగు ఇళ్ళన్నింటిలోనూ ఇదే పద్ధతి.

ఆ పేరే ఒకసారి మా ప్రాణాల మీదికి తెచ్చింది...

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అక్క టౌన్‌లో కాలేజీ హాస్టల్లో ఉండి చదివేది. అక్కడి బోరు నీళ్ళు తాగి తాగి ఆడపిల్లల పళ్ళు గోధుమరంగుకి తిరిగిపోయేవి. మంచినీళ్ళు ఇవ్వండి మహాప్రభో అని అడిగి అడిగి విసిగిపోయి, పిల్లలంతా వెళ్ళి రోడ్డు పక్కన కూర్చున్నారు. పార్టీల వాళ్ళు జెండాలూ బిర్యానీ పొట్లాలూ వేసుకుని వ్యానుల్లో వచ్చారట. వీళ్ళు దండం పెట్టి వెనక్కి పంపేశారట. మా పోరాటం మాది, మా కూడు మేమే వండుకుంటాం అన్నారట. ఎంత పొగరో చూడండి!

ఎవరింటి నుంచి వాళ్ళు బియ్యం, రాగిపిండి, గిన్నెలు తెచ్చుకున్నారు. అక్క మా పెద్ద ఇత్తడి అండా బస్సు మీద వేయించుకుని పోయింది. హాస్టల్లో పండగ అని అమ్మకు అబద్ధం చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది. పోలీసులు వచ్చి అందరినీ తరిమేశారట... ముగ్గురు పిల్లల్ని పట్టుకుపోయారట.

"అండా ఏడుండాదే?" అని అడిగింది అమ్మ.

"పోలీసోళ్ళు ఎత్తుకోని పోయినారు మా... అన్ని గిన్నెలూ జీపులో ఏసుకోని పోయినారు."

అమ్మ అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "దాని మింద నా పేరుండాదే... ఊరి పేరు కూడా ఉండాదే... నేరుగా ఇంటికే వస్తారు కదే పాపా!"

ఇంత పెద్ద పోరాటం ప్లాన్ చేసిన కాలేజీ పిల్లల్లో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు, చూశారా... పోలీసులకు అడ్రసులతో సహా అప్పజెప్పి వచ్చారు.

నాయన హోసూరులో కట్టడం పనిలో ఉన్నాడు. ఆదివారానికి గానీ రాడు. అమ్మ నన్ను వీధి మొగలో నిలబెట్టింది. జీపు కనబడితే పరుగెత్తుకొచ్చి చెప్పాలి. "ఎవురడిగినా అక్క మారండహళ్ళికి పోయిందని చెప్పు, తెలిసిందా?" అంది. అక్కేమో మేకల కొట్టంలో గడ్డి చాటున కూర్చుంది.

లారీ శబ్దమైనా జీపే అనుకుని ఇంటికి పరుగెత్తేదాన్ని. పాలాయన ఏమీ అడగకముందే, అక్క మారండహళ్ళికి పోయిందని చెప్పేశాను. మేకల బేరానికి వచ్చిన తాతకూ చెప్పాను. సాయంత్రానికి ఊరంతా, మీ అక్క మారండహళ్ళికి ఎందుకు పోయిందని అడగడం మొదలుపెట్టింది!

మర్నాడు పొద్దున తలారి వచ్చాడు. నేను అబద్ధం చెప్పేలోపే నన్ను దాటి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన మంచివాడే... అమ్మతో మెల్లిగా చెప్పాడు.

"గిన్నెలు ఎవురివో వాళ్ళు స్టేషన్‌కి వచ్చి చెప్పాలంట మా. ఎవురూ రాకుంటే, బయటి పార్టీవోళ్ళు దుడ్లిచ్చి వండించినారని రాసేస్తారంట. ఆ ముగ్గురు పిల్లోళ్ళ మింద పెద్ద కేసవుతాది."

వెళ్ళకపోతే ఆ ముగ్గురి బతుకూ పోతుంది. వెళితే అక్క పేరు బయటపడుతుంది. అక్క కొట్టంలోంచి బయటికి వచ్చి, "నేనే పోతాను మా" అంది.

"నువ్వు సుమ్మా ఉండవే, కదలొద్దు!" అని కసిరింది అమ్మ. తరువాత మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. అమ్మ అంతకుముందు ఎప్పుడూ స్టేషన్ మెట్లెక్కలేదు.

ఆవరణలో గిన్నెలన్నీ గోడ పక్కన బోర్లించి ఉన్నాయి. అప్పటికే అక్కడ ఐదారుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు... అందరూ మాలాంటి పల్లెటూళ్ళ వాళ్ళే. ఎవరూ ముందుకు కదలటం లేదు. ఇన్‌స్పెక్టర్ అండా మీది పేరు చదివి, ఎవరిదని అరవంలో గట్టిగా అడిగాడు.

అమ్మ గోళ్ళు నా అరచేతిలో దిగాయి. అయినా జవాబు చెప్పింది. అండా నాదే సార్... మా పెద్దపాపే తెచ్చింది... అందులో వండిన బియ్యమూ మా ఇంటివే... మాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అని. నాకైతే మమ్మల్నిద్దరినీ లోపలేస్తారనే అనిపించింది. గట్టిగా ఏడ్చేశాను.

అప్పుడు వెనక నుంచి ఒకామె, ఆ డబరా నాది సార్, అంది. తరువాత ఇంకొకామె...

మర్నాటికి ఆ ముగ్గురినీ వదిలిపెట్టారు. అక్కను మాత్రం ఆ పైన రెండుసార్లు స్టేషన్‌కి పిలిపించారు. రెండుసార్లూ అమ్మ వెంట వెళ్ళింది. అలాగని అమ్మకు ధైర్యం వచ్చేసిందని అనుకోకండి... తరువాత చాలా ఏళ్ళు, వీధిలో జీపు శబ్దమైతే తింటున్న కంచం ముందు నుంచి లేచి నిలబడేది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న సేలంలో చదువుతున్న నా కూతురు ఫోన్ చేసింది. హాస్టల్ పిల్లలంతా కూర్చుంటున్నారమ్మా, నేనూ కూర్చుంటాను, అంది. దాచకుండా చెప్పింది, మా అక్కలా అబద్ధమాడలేదు. అక్కడివాళ్ళతో జ్వరమని చెప్పి వెంటనే ఇంటికి వచ్చేయమన్నాను. అంతా కళ్ళారా చూసినదాన్ని... నేనే ఆ మాట అన్నాను.

వచ్చేసింది. దాని స్నేహితులు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు. రెండు రోజులైంది, అది నాతో మాట్లాడటం లేదు... భయపడుతూనే మా అమ్మ ఆ రోజు స్టేషన్‌కి బస్సెక్కింది. నేను నా బిడ్డను వెనక్కి ఇంటి బస్సెక్కించాను.

మీ ఇంట్లో ఇలా జరిగితే మీరేం చేస్తారు? చెప్పండి... నిజంగానే అడుగుతున్నాను.