ఆరు జేబుల బనియను

ఆ రోజుల్లో ఒక మాటకు అర్థం తెలియాలంటే దాని దగ్గరికి మనమే నడిచి వెళ్ళాలి. నర్సీపట్నంలో మా ఇంటి నుంచి లైబ్రరీకి పావుగంట నడక. అక్కడి బీరువాలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఉండేది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రెండేళ్ళలో (తప్పింది లెక్కల్లో, ఇంగ్లీషులో కాదు) నేను దాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి 'ఎల్' అక్షరం చివరి దాకా చదివేశాను. అందుకని ఊళ్ళో కుర్రాళ్ళు నన్ను డిక్షనరీ అని పిలిచేవారు. వాళ్ళు ఎగతాళిగా అన్నారు, నేను బిరుదుగా తీసుకున్నాను. ఇన్నేళ్ళకు ఈ సంగతి రాయడానికి కారణం మా బావ. చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా ఈ కథ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ నా బనియనుకు ఒక జేబు పెరుగుతుంది. మొన్నటి పెళ్ళికి పద్నాలుగు అయ్యాయి. నిజానికి ఉన్నవి ఆరే. ఆ మాట ఎక్కడో ఒకచోట రాతపూర్వకంగా ఉండటం అవసరం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవికి మా మేనత్త కొడుకు, అంటే ఈ బావే, విశాఖపట్నం నుంచి మూడు బొమ్మ తుపాకులు తెచ్చాడు. స్ప్రింగు లాగి వదిలితే తెల్లటి ప్లాస్టిక్ గుళ్ళు టప్పున వచ్చేవి. విదేశాల్లో పెద్దవాళ్ళు కూడా వీటితో జట్లు కట్టి ఆడుకుంటారని, ఆ ఆటను ఎయిర్‌సాఫ్ట్ అంటారని చెప్పాడు. తగిలితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. అంపైరు ఉండడు. తగిలినవాడే చెయ్యెత్తి అవుటని చెప్పి పక్కకు వెళ్ళిపోవాలి. మా ఊరి పక్కనే ఉన్న బలిఘట్టంలో మా స్నేహితుడు టెంపర్ (కోపం వల్ల వచ్చిన పేరు) దగ్గర, వాడి తమ్ముళ్ళిద్దరి దగ్గర శివరాత్రి తీర్థం అంగళ్ళలో కొన్న తుపాకులు ఉన్నాయి. వాళ్ళవి పసుపు గుళ్ళు. మా వైపు బావ, నేను, సోడా బండి వాళ్ళ అబ్బాయి గోళీసోడా. టెంపర్ తాతగారి జీడితోటలో పిక్కలేరడం అయిపోగానే ఆట అనుకున్నాం.

ఆ ఆటకు ఏం తొడుక్కోవాలో బావ నెట్ సెంటర్లో నాలుగు పేజీలు ప్రింటు తీయించాడు. బొమ్మలన్నీ నల్లటి చదరాలుగా వచ్చాయి. మిగిలింది ఇంగ్లీషు. బావకు అంత ఓపిక లేదు, కాగితాలు నా చేతిలో పెట్టాడు. పైన 'టాక్టికల్ వెస్ట్ ఎంచుకోవడం ఎలా' అని ఉంది. మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. వెస్ట్ అంటే చొక్కా లోపల తొడిగే బనియను అని ఉంది. టాక్టికల్ అంటే యుక్తికి సంబంధించినది. అంటే యుక్తి బనియను. అక్కడిదాకా సాఫీగానే సాగింది. రెండో పేజీలో ఆ బనియనుకు మేగజైన్లు పెట్టుకునే జేబులు కనీసం ఆరు ఉండాలనీ, మేగజైన్ చప్పున చేతికందాలనీ, పరుగెత్తేటప్పుడు జారిపోకూడదనీ రాశారు. మేగజైన్లంటే నా ఎదురుగా బల్లమీద వరసగా ఉన్నవే. అయినా నిజాయితీ కొద్దీ నిఘంటువు తిప్పాను. మొదటి అర్థం, పత్రిక. మూసేశాను.

యుద్ధంలో పత్రికలెందుకని రెండు రోజులు ఆలోచించాను. పొదల్లో గంటల తరబడి కాపు కాసేవాడికి తోచుబడి కావాలి కదా అని తట్టింది. ఒక్క మనిషికి ఆరు పత్రికలు! ఆ దేశాల మీద నాకు గౌరవం పెరిగిపోయింది.

చర్చిలో పాటలు పాడేవాళ్ళకు గౌన్లు కుట్టే మా పెద్దమ్మ దగ్గరికి కొత్త బనియను, ఒక వారపత్రిక కొలతకు పట్టుకెళ్ళాను. చుట్టుపక్కల రంగులో కలిసిపోయే గుడ్డ వాడాలని నాలుగో పేజీలో ఉంది కాబట్టి ఆకుపచ్చ అడిగాను. కొయ్యూరు అడవుల్లో పోలీసులకూ అన్నలకూ జరిగే కాల్పుల కథలు రోజూ వినే ఊరు మాది. ఆ రంగు బట్టలేసుకుని తుపాకీ పట్టుకుంటే బొమ్మదో నిజందో అడిగేదాకా ఎవడూ ఆగడని, పెద్దమ్మ గౌన్లలో మిగిలిన మెరూన్ ముక్కలు తీసింది. జీడిపళ్ళు కూడా ఎర్రగానే ఉంటాయి కదా అని సర్దుకున్నాను.

"బనీనుకి జేబులేటిరా?" అంది మిషను తొక్కుతూ.

"పుస్తకాలకి పెద్దమ్మా. నేను చదివాను."

"సర్చికి ఒక్క బైబిలు తెమ్మంటే బరువంటావు. కొట్టుకోడానికి ఆరు పుస్తకాలు మోసుకెల్తావా?"

లైబ్రేరియన్ గారు తూకానికి అమ్మబోయే పాత పత్రికల్లోంచి ఆరు ఇచ్చారు, చిరగకుండా తిరిగి తేవాలనే షరతు మీద. దీపావళి ప్రత్యేక సంచిక అన్నింటికన్నా లావు కాబట్టి గుండె మీది జేబులో పెట్టాను. ఆట రోజున నన్ను చూసి గోళీసోడా కింద కూర్చుండిపోయాడు. బరువుకు బనియను సాగి మోకాళ్ళ పైదాకా వచ్చింది. మెరూన్ జేబులు తొడల మీద ఊగుతున్నాయి. బావ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి అందరి ముందూ పందెం వేశాడు. "నువ్వు గానీ ముందు అవుటయ్యావనుకో, ఈ వేసంగంతా 'నేను సదివాను' అన్నమాట నీ నోట రాకూడదు." నా మాటల్లో సగం ఆ మాటతోనే మొదలయ్యేవి. అది పోతే ఆ ఊళ్ళో నేనెవరిని? ఒప్పుకున్నాను. నేను చివరిదాకా నిలిస్తే బావ లైబ్రరీకి వచ్చి ఒక పుస్తకం పూర్తిగా చదవాలని ఎదురు పందెం కట్టాను.

అందరం దుమ్ము పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు బిగించుకుని విడిపోయాం. పరుగెత్తడం నా వల్ల కాలేదు. కొమ్మలు నేలకు వాలిన ఒక జీడిచెట్టు వెనక బోర్లా పడుకున్నాను. ఎవరూ రాలేదు. కాగితాల్లో చెప్పినట్టే చెయ్యి జేబులోకి వెళ్ళింది, పత్రిక చప్పున చేతికందింది. అందులో ఒక సీరియల్. కథానాయిక రైలెక్కాలా వద్దా అని ఆలోచిస్తోంది. చెట్టుకానుకుని కూర్చున్నాను. బావ అవుటన్న కేక, గోళీసోడా కేక, టెంపర్ తమ్ముళ్ళ కేకలు దూరంగా వినిపించాయి. మధ్యమధ్య టప్ టప్ మని చప్పుడు. చివరి పళ్ళు రాలుతున్నాయనుకుని పేజీ తిప్పాను.

ఇక ఆగలేక టెంపర్ పొదలోంచి లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఒరే, ఇందాకట్నుంచీ కొడతన్నాను. నీకు సిగ్గు లేదేట్రా? అవుటని సెప్పవేటి?" నేను ఉలిక్కిపడి తుపాకీ మీట నొక్కాను. గుండు వాడి పొట్టకు తగిలింది. మేం గెలిచాం.

తరవాత జరిగింది యుద్ధం కన్నా పెద్దది. తగిలిందని వాళ్ళు, తగల్లేదని నేను. బావ కూడా నా పక్షమే నిలిచి, మావాడు పుస్తకాల పిచ్చోడే గానీ అబద్ధాలాడడని అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి, కావాలంటే చూసుకోండని దీపావళి సంచికను జేబులోంచి బయటికి లాగాను. దాని వెనకే పసుపు గుళ్ళు బిలబిలమని రాలాయి. మిగతా జేబులూ దులిపాను. పసుపువి మొత్తం పదకొండు. అట్టమీది దీపాల నిండా సొట్టలు. పన్నెండోది మా వైపు తెల్లది. (ఆట మొదలైన నిమిషంలోనే గోళీసోడా నన్ను శత్రువనుకున్నాడట.) అంటే అందరికన్నా ముందు అవుటైనవాడిని నేనే.

నా నోట్లో రెండు వాక్యాలు తయారుగా ఉన్నాయి. ఒంటికి తగిలితేనే లెక్క అన్నది ఒకటి, నేను చదివాను అన్నది రెండోది. బావ నా పక్షాన అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. చెయ్యెత్తి, "అవుట్" అన్నాను. అప్పటికి ఆట ముగిసి పావుగంటైంది. అయినా నియమం కాబట్టి నడిచి వెళ్ళి తోట కాపలా పాకలో కూర్చున్నాను.

టెంపర్ వచ్చి పక్కన కూర్చుని ఒక జీడిపండు ఇచ్చాడు. బావ కాగితాలు అడిగి తీసుకుని, మేగజైన్ అన్న ముక్క మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తన తుపాకీ పిడిలోంచి గుళ్ళ డబ్బా ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. "దీన్నేమోరా" అన్నాడు మెల్లగా. నవ్వలేదు. నవ్వు మర్నాడు మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు.

మర్నాడు నాతో లైబ్రరీకీ వచ్చాడు, పందెం గెలిచినవాడై ఉండి కూడా. మేగజైన్ కింద మొదటి అర్థం పత్రిక, రెండోది మందుగుండు నిలవచేసే కొట్టు, మూడోది తుపాకీలో గుళ్ళుండే పెట్టె. బావ ఆ పేజీ మొత్తం చదివి తరవాతి పేజీ తిప్పాడు. ఆ వేసవంతా నేను మాట నిలబెట్టుకున్నాను. 'చదివాను' అనాల్సిన చోటల్లా 'విన్నాను' అనేవాణ్ణి.

మొన్న మా అమ్మాయి ఫోనులో అసలు టాక్టికల్ వెస్ట్ బొమ్మ చూశాను. ఇప్పుడు చదరాలు నల్లగా లేవు. జేబులు మరీ ఇరుకు, వారపత్రికను మడిచినా పట్టదు. పాపం, కాపు కాసేటప్పుడు వాళ్ళకు తోచుబడి ఎలాగో.

ఆరు జేబులూ గట్టిగా కుట్టిన పెద్దమ్మకు, సొట్టలు చూసి "మన పత్రికలు ఒకరి ప్రాణం కాపాడాయన్నమాట" అని తిరిగి తీసుకున్న లైబ్రేరియన్ గారికి, తోట ఇచ్చిన తాతగారికి, గురి తప్పని టెంపర్‌కు, గురి తప్పిన గోళీసోడాకు, నన్ను నమ్మిన బావకు కృతజ్ఞతలు. మొదటి అర్థం చూసి నిఘంటువు మూసేసిన ఆ పంతొమ్మిదేళ్ళవాడికి కూడా. మూడోది చూసి ఉంటే వాడి బనియనుకు అన్నీ సరైన జేబులే ఉండేవి, బావకు మాత్రం పెళ్ళిళ్ళలో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.