జరంత నీళ్ళు

మొన్న మా వంటింట్లో బండలు మార్పించాం. పరచడానికి వచ్చినవాళ్ళు బెంగాలు పిల్లలు. ఇప్పుడు నిజామాబాదులో ఏ కొత్త ఇంట్లో చూసినా బండలు పరిచేది వాళ్ళే. మధ్యాహ్నం ఎండకు ఒకతను గుమ్మంలోకి వచ్చి, బొటనవేలు నోటిదగ్గర పెట్టి "జల్" అన్నాడు. చెంబుతో నీళ్ళిచ్చాను. అతను గటగటా ఎత్తేస్తుంటే నా నోట్లోంచి నాకు తెలియకుండానే "అల్పో, అల్పో" అని వచ్చింది. కొంచెం కొంచెంగా తాగమని. అతను తాగడం ఆపి నా ముఖం చూశాడు. లోపల కూరగాయలు తరుగుతున్న మా కోడలూ చూసింది. నేను తిరుపతి దాటి ఎక్కడికీ పోలేదని ఆమె నమ్మకం. "అత్తమ్మా, మీకు బెంగాలీ ఎట్లొచ్చు?" అంది. నిజానికి రాదు. ఆ భాషలో నాకు తెలిసినవి నాలుగైదు మాటలు, అవన్నీ నీళ్ళకూ అన్నానికీ సంబంధించినవే. అవి ఎట్లా అంటుకున్నాయో చెప్పాలంటే డెబ్బై ఒకటో సంవత్సరానికి, బోధన్‌కు వెళ్ళాలి.

అప్పుడు నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. చిన్నమ్మ సర్కారు దవాఖానలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం బోధన్‌లో ఎవరికీ ఉండేది కాదు. సూది వేయించుకోవడానికి వచ్చిన పహిల్వాన్లు కూడా ఆమె ముందు చిన్నపిల్లల్లా చేయి చాపేవాళ్ళు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడించే క్రషింగ్ కాలంలో ఊరంతా మడ్డివాసన కమ్ముకునేది. చెరుకుబండ్లు బారులు తీరి, ఎద్దుల గంటలతో మా వీధి నిద్రపోయేది కాదు. ఆ ఎండాకాలం క్రషింగ్ ముగిసి ఊరు నెమ్మదించింది. అప్పుడే రేడియోలో తూర్పు బెంగాల్ వార్తలు మొదలయ్యాయి. అక్కడ పాకిస్తాన్ సైన్యం ఊళ్ళమీద పడుతోందని, జనం దేశం విడిచి మన సరిహద్దు దాటుతున్నారని, దాటినవాళ్ళ గుడారాల్లో కలరా పుట్టిందని. కలరాను మా దగ్గర గత్తర అంటారు. ఆ గత్తర అప్పటికి పదేళ్ళుగా దేశదేశాలు తిరుగుతూనే ఉందట.

నిజామాబాదులో ఒక సేవాసంఘం వాళ్ళు అక్కడికి మనుషులను పంపుతున్నారని తెలిసి, చిన్నమ్మ నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళి తన పేరూ నా పేరూ ఇచ్చి వచ్చింది. "నీకు సెలవులే కదనే. ఇంట్ల కూసోని ఏం జేస్తవ్?" అంది. భీమ్‌గల్ దగ్గర పసుపు పండించే మా బాపుకు ఈ సంగతి తెలిసి బస్సెక్కి పరుగున వచ్చాడు.

"గత్తర ఉన్నకాడికి ఎవలన్న ఎదురువోతరా?" అన్నాడు.

"ఎవలో ఒకలు ఎదురువోకుంటే అది మనింటిదాంక రాదా బావా?" అంది చిన్నమ్మ.

బాపు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతూ, తెచ్చిన పసుపు సంచి నా పెట్టె పక్కన పెట్టి, "దినాం జరంత పాలల్ల వేసుకొని తాగు" అన్నాడు. ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

మూడో మనిషి మా వీధి చివరి చాచా. పెళ్ళిళ్ళకు వంట చేసే మనిషి. ఆయన దేగులో బగారన్నం ఉడుకుతుంటే రెండు వీధుల అవతలివాళ్ళకు కూడా పెళ్ళి ఎక్కడో తెలిసిపోయేది. బారుగడ్డం, నెత్తిమీద తెల్లటోపీ, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. మేం వెళ్తున్నామని తెలిసి ఆయనే వచ్చాడు. "రోగం తగ్గినంక ఆకలైతది. అప్పుడు వండెటోడు ఎవడు?" అన్నాడు. చిన్నమ్మ వెళ్ళి ఆయన పేరు కూడా ఇచ్చి వచ్చింది.

చక్కెర చేసే ఊరు కాబట్టి ఊరు చక్కెరే ఇచ్చింది. ఇంటింటికీ తిరిగితే ఒకరు గ్లాసెడు, ఒకరు గిన్నెడు పోశారు, బస్తాలు నిండాయి. పాతచీరలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. ఒక అవ్వ మాత్రం జాడీ నిండా మామిడికాయ తొక్కు తెచ్చింది. "గత్తర వచ్చినోళ్ళకు తొక్కు ఎట్ల పెడుతమవ్వా?" అని చిన్నమ్మ అంటే, "నోరు సప్పగుంటే ఎట్ల బతుకుతరే?" అని ఆమె కోప్పడింది. ఆ తొక్కును హౌరా చేరేలోపల రైల్లో మేమే ఖాళీ చేశాం. ఆ అవ్వకు మాత్రం అక్కడివాళ్ళు చాలా ఇష్టంగా తిన్నారని చెప్పాం. రోగులకు చేరకపోయినా సేవకు పనికొచ్చిన తొక్కే అది.

సరిహద్దు దగ్గర మేం చేరిన చోటును ఏమని చెప్పను. వాన, బురద, ఆ బురదమీద చూపు ఆనినంత దూరం తాటాకులతో, గోనెలతో కట్టిన గూళ్ళు. ఖాళీగా ఉన్న సిమెంటు గొట్టాల్లో కూడా సంసారాలు. కలరా వచ్చినవాళ్ళను పడుకోబెట్టడానికి పెద్ద రేకుల కొట్టం ఒకటి ఉంది. మంచాలు చాలక నేలమీద వరుసలుగా పడుకోబెట్టారు. అక్కడి డాక్టరు బెంగాలీ యువకుడు. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి, అయినా ఎవరితో మాట్లాడినా ముందు నవ్వేవాడు. అతనితో మేం హిందీలో నెట్టుకొచ్చేవాళ్ళం. వెళ్ళిన మొదటి రోజుల్లో చిన్నమ్మ రోగుల నరాలకు సెలైను ఎక్కించింది. నేను వాంతులు ఎత్తాను, బట్టలు ఉడకబెట్టాను. చాచా కొట్టం వెనక పొయ్యిలు తవ్వి గంజి కాచాడు. తర్వాత వానకు దారి తెగింది. సెలైను సీసాలు అయిపోయాయి. రోగులు మాత్రం వస్తూనే ఉన్నారు.

అప్పుడు డాక్టరు, కాచిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి నోటితోనే తాగిద్దాం అన్నాడు. ఎంత పోతోందో అంత తాగించాలి, ఆపకూడదు అన్నాడు. ఈ పద్ధతి కొత్తగా వచ్చిందని, కొన్నిచోట్ల చేసి చూశారని చెప్పాడు. బోధన్ చక్కెర బస్తాలు విప్పాం. చాచా దేగుల్లో నీళ్ళు తెర్లాయి, డాక్టరు కొలత చెప్పాడు. అంతా సిద్ధమయ్యాక చూస్తే చిన్నమ్మ లేదు.

కొట్టం పక్కన చూరుకింద నిలబడి ఉంది. ఏమైందంటే చెప్పింది. చిన్నమ్మ వాళ్ళది కందకుర్తి వైపు పల్లె. ఆమె చిన్నప్పుడు ఆ ఊళ్ళో గత్తర వచ్చింది. గత్తర పట్టినవాళ్ళకు నీళ్ళు పోస్తే ప్రాణం పోతుందని పెద్దలు కట్టడి చేశారు. ఆమె అన్న నీళ్ళు నీళ్ళని అడుగుతూనే పోయాడు. "కుండ నా పక్కకే ఉండె" అంది చిన్నమ్మ. "మా అన్న నన్నే సూసుకుంట అడిగిండు. ఇయ్యొద్దన్నరు, ఇయ్యలే. గీ డాక్టరు ఇప్పుడు తాగిపియ్యుమంటున్నడు. గిది నిజమైతే మా అన్న బతుకుతుండె గదనే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నడువు" అని నాకంటే ముందే లోపలికి నడిచింది.

నీళ్ళు పంచడానికి చేతులు చాలక చాచా కూడా గ్లాసులు పట్టుకున్నాడు. వరుస చివర ఒక తల్లి, ఒళ్ళో ఆరేళ్ళ పిల్ల. పిల్ల చర్మం లాగితే లాగినచోటే నిలుస్తోంది, కళ్ళు లోపలికి పోయాయి. చాచా వాళ్ళముందు గొంతుక్కూర్చుని, ఇంట్లో మనవరాలితో మాట్లాడినట్టే, "పీ లో బేటీ, పానీ పీ లో" అన్నాడు.

ఆ తల్లి కెవ్వున అరవలేదు. పిల్లను కొంగుకింద దాచుకుని గోడదాకా జరిగిపోయింది. ఆమె చేయి తగిలి గ్లాసు దొర్లింది. పక్కనున్నవాళ్ళు కూడా నోటిదగ్గరి గ్లాసులు దించేశారు. డాక్టరు పరుగున వచ్చి ఆమెతో మాట్లాడి, తర్వాత చాచాను పక్కకు తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు. వాళ్ళ ఊరిమీద పడ్డ సైనికులు మాట్లాడింది కూడా ఆ ఉర్దూయేనట. మేం వచ్చీరాకుండా మాట్లాడే హిందీని ఆమె పట్టించుకోలేదు. అంత నిండుగా, మగగొంతుతో ఆ మాటలు వినబడేసరికి ఆమెకు ఆ రోజే మళ్ళీ వచ్చినట్టయింది.

నేను బయటికి వెళ్ళేసరికి చాచా తుంపరలో, దేగు పక్కన కూర్చుని ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా జబాన్ ఏం తప్పు జేసింది బిడ్డా?" అన్నాడు. "మా అమ్మ నాకు జోల వాడింది గిదే జబాన్ల."

"మీ తప్పు కాదు చాచా."

"నాదిగాదు. గా తల్లి భయం సుత అబద్ధం గాదు." పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "పిల్ల ఎండిపోతున్నది. ఇప్పుడు గియన్ని మాట్లాడుకుంట కూసుంటే ఎట్ల?"

లేచి టోపీ పెట్టుకుని, కొత్త గ్లాసు ముంచుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఈసారి కొంచెం దూరంగానే కూర్చున్నాడు. "తాగు బిడ్డా" అన్నాడు, మా బోధన్ తెలుగులో. "జరంత తాగు. సల్లగుంటవ్. జరంత."

ఆ తల్లి తలెత్తింది. అది ఏ భాషో ఆమెకు తెలియదు. ఆమెను ఎవరూ ఆ భాషలో బెదిరించలేదు, అంతే. నేను గ్లాసు అందుకుని ఆమె చూస్తుండగా ఒక గుక్క తాగి, చెంచాతో పిల్ల పెదవులు తడిపాను. పిల్ల నాలుక చాపింది. అప్పుడు తల్లే నా చేతిలోంచి చెంచా తీసుకుంది. "అల్పో, అల్పో" అన్నాడు డాక్టరు. ఆమె పోసింది, పిల్ల కక్కింది, మళ్ళీ పోసింది. చిన్నమ్మ పక్కన కూర్చుని చెంచా ఆగినప్పుడల్లా ఆమె మోచేయి తట్టేది. మర్నాటికి పిల్లకు కన్నీళ్ళు వచ్చాయి. పిల్ల ఏడుస్తుంటే చిన్నమ్మ అంత సంతోషించడం అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఒంట్లో నీళ్ళు నిండితేగాని కన్నీళ్ళు రావని నాకు అప్పుడే తెలిసింది. ఆ పిల్ల తర్వాత అడిగిన మాట "భాత్". చాచా మెత్తగా అన్నం వండి, చల్లార్చి తెచ్చాడు.

అందరూ బతికారని చెప్పను. కొందరు మా చేతుల్లోనే పోయారు. కానీ సెలైను లేదు కాబట్టి అందరూ పోతారనుకున్న ఆ వారంలో చాలామంది లేచి కూర్చున్నారు. చాచా ఇక ఆ కొట్టంలో తెలుగు తప్ప మాట్లాడలేదు. పిల్లలు ఆయన మాట పట్టుకుని "జరంత దాదూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు గంజి కలుపుతూ నన్ను దగ్గరికి పిలిచి, "జర అన్నది మా మాటనే బిడ్డా, ఉర్దూది. ఎవలకు చెప్పకు" అని గడ్డంలో నవ్వుకున్నాడు. నిజమే. మా బాపు పాలల్లో పసుపు జరంత వేసుకొమ్మన్నప్పుడు అది ఎవరి మాటని ఎవరం ఆలోచించాం? మా తెలుగులోంచి ఆ మాటలు ఏరి పారేస్తే సగం రోజు మూగగా ఉండాల్సిందే.

మేం బయల్దేరే రోజున ఆ తల్లి పిల్ల చేయి పట్టుకుని వచ్చింది. చాచా ముందు నిలబడి, డాక్టరుతో ఏదో చెప్పి, ఆయనకు చెప్పమంది. డాక్టరు చాచా వైపు తిరిగి, "మీ ఇంటి భాషలో పిల్లను దీవించమంటోంది. ఆ భాషలో ఆ పిల్ల విన్న ఆఖరి మాట ఆ సైనికులది కాకుండా మీదై ఉండాలట" అన్నాడు.

చాచా పిల్ల తలమీద చేయి పెట్టాడు. "జీతీ రహో బేటీ" అన్నాడు. "ఖుష్ రహో." పిల్ల బెదరలేదు. తల్లి కళ్ళు మూసుకుంది, కానీ కదలలేదు. ఆ తర్వాత హౌరా దాకా చాచా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ చలికాలం యుద్ధం వచ్చి ముగిసింది. గుడారాల జనం ఇళ్ళకు మళ్ళుతున్నారని రేడియో చెప్పిన రోజు చాచా వీధిలో అందరికీ డబల్ కా మీఠా వండి పెట్టాడు. ఎవరి పెళ్ళని అడిగినవాళ్ళకు "మా మనుమరాలు ఇంటికి వోతున్నది" అన్నాడు. చిన్నమ్మ రిటైరయ్యేదాకా వాంతులు, విరేచనాలతో ఎవరు వచ్చినా గ్లాసు, చెంచా పట్టుకుని కూర్చునేది. "నీళ్ళు వోసి సంపుతవానే?" అని అవ్వలు తిట్టేవాళ్ళు. "తిట్టు అవ్వా, తిట్టుకుంటనే తాగిపియ్యి" అనేది. కొన్నేళ్ళకు ఆ నీళ్ళ పొడి పొట్లాలుగా ఊరూరికీ వచ్చింది. ఇప్పుడు చాచా లేడు, చిన్నమ్మా లేదు.

ఆ పిల్ల సంగతి మళ్ళీ తెలియలేదు. తెలిసే దారీ లేదు. కంటి ముందు లేనివాళ్ళకు మన మనసులో ఏళ్ళు పెరగవు, వదిలేస్తే ఆమె నాకు ఎప్పటికీ ఆరేళ్ళ పిల్లే. అందుకే ఖాళీగా కూర్చున్నప్పుడు నేనే ఆమెకు వయసు పోస్తుంటాను. ముందు బడికి పంపాను, తర్వాత పెళ్ళి చేశాను, పిల్లలనిచ్చాను, కాస్త నోరున్న కోడలినీ ఇచ్చాను. ఈమధ్య నాకున్నట్టే మోకాళ్ళ నొప్పులు కూడా ఇచ్చాను. అవి రావాలంటే అన్నేళ్ళు బతకాలి కదా.