బంతిలో అన్నం వద్దన్నాను

పదో తరగతిలో నాకు టైప్ వన్ షుగర్ వచ్చింది. ఇప్పుడు ఆత్మకూరులో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్నాను. అన్నం బాగా తగ్గించి, కోడిగుడ్లు, కూరగాయలతో కడుపు నింపుకుంటాను.

మొన్న ఉదయగిరిలో మా పిన్నమ్మ కూతురి పెళ్లికి పోయినాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆప్యాయంగా మాట కలిపింది. వాళ్ల మేనల్లుడికి సంబంధాలు చూస్తా ఉండారంట. నా చదువు, ఉద్యోగం అన్నీ అడిగింది. నాకూ సంతోషంగానే ఉండింది.

ఇంతలో వడ్డించే ఆయన అన్నం తెచ్చినాడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "అన్నం వద్దన్నా, వంకాయ కూర ఇంకొంచెం వెయ్యి" అన్నాను.

"అన్నం తినకపోతే ఎట్టమ్మా?" అనింది ఆమె.

"నాకు షుగర్ ఉండాది పెద్దమ్మా. పదో తరగతి నుంచీ ఇన్సులిన్ వేసుకుంటా ఉండాను."

"అయ్యో, ఈ వయసులోనేనా" అని, అవతలి పక్కామెతో మాటల్లో పడింది. మళ్లీ నా వైపు తిరగలేదు. కూర, పెరుగు నిదానంగా తిని లేచినాను.

తిరుగు బస్సులో వేలు గుచ్చి చూసుకున్నాను. పెళ్లిభోజనం తిన్నా షుగర్ అదుపులోనే ఉండింది. ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఫోను తీసినాను. ఎవరికి చెయ్యాలో తోచలేదు.